మధ్యలో ఏముంది

పొద్దున్నే నది దగ్గర ఆగి
గొడ్డలితో ఒక పెచ్చు కొట్టి తెచ్చాను.
బల్ల మీద బకెట్, బకెట్లో మంచుగడ్డ,
చుట్టూ పదమూడు ఊలు టోపీలు.
బయట సున్నాకి ముప్ఫై మెట్లు కింద.
నారిన్ లోయలో జనవరికి మొహమాటం లేదు.

"కళ్ళు ఇంకా, ఇంకా, ఇంకా పదునెక్కితే
ఇందులో ఏం కనిపిస్తుందో గీయండి" అన్నాను.
"ఎంత పదును, టీచర్?"
"మీ తాత పెంచే డేగ కన్నా."
డేగ లేని తాతల పిల్లలు కాస్త చిన్నబుచ్చుకున్నారు.

బొటనవేలంత పెన్సిల్ ముక్కలు.
బొగ్గు పొయ్యి మీద కెటిల్ సణుగుతోంది.
వరసల మధ్య నడుస్తాను.
ఇరవై రెండేళ్ళుగా నా పొలం ఇదే,
కలుపూ ఇదే.

తిలెక్ మంచుగడ్డ లోపల
బుల్లి బుల్లి మంచుగడ్డలు గీశాడు,
ఒక్కోదానికీ మూలలతో సహా.
ఆవిరి దగ్గరికొచ్చేసరికి వాడి రేణువులకు
పొట్టలు ఉబ్బాయి, పెళ్ళిభోజనం చేసిన మేనమామల్లా.
"అవి లావెక్కవురా,
దూరం జరుగుతాయి, అంతే."
రబ్బరు తీసుకుని
ఒక్కొక్కరి పొట్టా తగ్గించాడు.

బురుల్ చుక్కలు చక్కగా పెట్టింది,
వాటి మధ్యంతా నీలం పూసింది.
"చుక్కలేమిటి?" "నీళ్ళు."
"నీలం ఏమిటి?" "అదీ నీళ్ళే."
"నీళ్ళ మధ్యన మళ్ళీ నీళ్ళా?"
పెన్సిల్ కొరుక్కుంటూ చాలాసేపు చూసి
"ఖాళీగా వదిలితే పడిపోవూ?" అంది.
ఆ ప్రశ్న నాకు నచ్చింది.
జవాబు సరిగ్గా చెప్పాననుకోను.

కిటికీ పక్కన చోల్పోన్,
వాడితే మాట అరిగిపోతుందనుకునే పిల్ల.
ఆవిరి గీయమంటే పేజీ మొత్తానికి నాలుగే సున్నాలు,
నాలుగోది అంచు దగ్గర సగం తెగి ఉంది.
బద్ధకమని వెనక బెంచీ నవ్వింది.
"మధ్యలో ఏముంది?"
"ఏమీ లేదు."
"ఏమీ లేకపోవడాన్ని ఎలా గీశావు?"
"గీయలేదు టీచర్. కాగితాన్ని దాని మానాన వదిలేశాను."
"మరి ఈ సగం?"
"అది బయటికెళ్తోంది."

ఇక నల్లబల్ల మీద నా బొమ్మ,
ఏటేటా వేసేదే, కళ్ళు మూసుకుని వేయగలిగేదే:
ఘనం, భుజం భుజం ఒరుసుకునే వరసలు.
ద్రవం, కాస్త ఎడం.
వాయువు, ఎవరి దారి వాళ్ళది.
చేతుల సుద్ద దులుపుకున్నాను.

ఎర్జిగిత్ చెయ్యెత్తాడు.
ఈ ఏడాది వాడు చెయ్యెత్తడం ఇదే మొదలు.
గుర్రాల నీళ్ళ కోసం రోజూ నది మంచుకు కన్నం కొట్టే పిల్లాడు.
వేళ్ళ పగుళ్ళలో గొర్రెకొవ్వు ఇంకా మెరుస్తోంది.
"నేను కొట్టిన పెచ్చు మునగదు టీచర్.
అదిమినా పైకే వస్తుంది.
మీ బొమ్మలో గడ్డే కదా ఇరుకు?
ఇరుగ్గా ఉన్నదే కదా బరువు?
మరి అడుక్కి పోవాలిగా?"

పదమూడు టోపీలు బకెట్ వైపు తిరిగాయి.
పొద్దుటి పెచ్చు సగం కరిగి
తన నీళ్ళ మీద తానే తేలుతోంది,
సిగ్గులేకుండా, అందరి ముందూ.

నేను చదివింది చరిత్ర.
ఈ బడిలో సైన్సుకి వేరే మనిషి లేరు.
అది సాకు కాదు, నాకూ తెలుసు:
ఇరవై రెండు చలికాలాలు, ఎన్ని బకెట్లు చూశాను!
"తెలీదు" అన్నాను. "రేపటికి తెలుసుకొస్తా."
ద్రవాన్ని మోచేత్తో చెరిపేశాను.
ఇంటికెళ్ళేదాకా నల్లకోటు మీద
నీళ్ళ రేణువులు తెల్లగా అంటుకునే ఉన్నాయి.

రాత్రి, అట్ట ఊడిన పాత రష్యన్ పుస్తకంలో దొరికింది.
గడ్డకట్టేటప్పుడు అవి దగ్గరికి కూలబడవట.
ఆరేసి చేతులు చాచి వలయం కడతాయట,
గుడారపు చట్రంలా, నడుమ గది వదిలి.
కరిగితే పట్టు సడలి
ఆ గదిలోకే ఒకదానిమీదొకటి తోసుకొస్తాయట.
దీపం ఆర్పాక కూడా చాలాసేపు
కళ్ళ ముందు ఆ గది.

మర్నాడు సుద్దముక్క ఎర్జిగిత్ చేతికిచ్చాను.
నేను చెప్తుంటే ఆరు సున్నాలు గీశాడు,
ఆరూ ఆరు సైజులు.
నడుమ చోటు దగ్గర చెయ్యి ఆపి
నా వైపు చూశాడు.

కిటికీ పక్క నుంచి చోల్పోన్ అంది:
"దాన్ని ముట్టుకోకు."